అమ్మ రాయి కోసం అమీర్‌పేటకు

మా అమ్మ రూతమ్మ హైదరాబాదులో చనిపోయిన కబురు గుంటూరులో నాకు అందేసరికి ఆమెను సమాధి చేయడం కూడా అయిపోయింది. యుద్ధం రోజులు. తంతి ఆలస్యంగా వచ్చింది, బండ్లలో సిపాయిలకు తప్ప చోటు లేదు. కాబట్టి నేను రాస్తున్నది చివరిచూపు ప్రయాణం గురించి కాదు. ఆ తరువాత కొన్ని నెలలకు, నేను పాఠాలు చెప్పే బడికి క్రిస్మసు సెలవులు ఇచ్చాక, సమాధి మీద రాయి నిలబెట్టించడానికి వెళ్ళిన ప్రయాణం గురించి.

రాయి కొన్నారట. దాని మీద ఏం చెక్కాలన్న దగ్గర మా తమ్ముడు దయానందానికీ, మేము ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచే అమ్మ స్నేహితురాలు ఖైరున్నీసాకూ మాట పట్టింపు వచ్చిందట. నెల రోజులుగా ఒకరి గడప ఒకరు తొక్కడం లేదట. నువ్వు వచ్చి ఏదో ఒకటి తేల్చమని తమ్ముడు అటునుంచి వచ్చిన వాళ్ళతో చెప్పి పంపాడు.

పండుగ ఆరాధన గుంటూరులోనే ముగించుకుని మర్నాడు తెల్లవారగానే బయలుదేరాను. బెజవాడలో బండి మారాలి. హైదరాబాదు బండి ఆడవాళ్ళ పెట్టెలో చోటు దొరకాలంటే ప్లాట్‌ఫారం చివరిదాకా నడవాలని, మధ్యలో నిలబడితే దొరకదని అనుభవం మీద చెబుతున్నాను. ఇడ్లీలు స్టేషనులో తిన్నాను. పులిహోర మూట కట్టుకుని వెళ్ళడం వల్ల దారిలో ఇబ్బంది లేకపోయింది.

కొండపల్లి దాటాక కొంతసేపటికి నిజాం రాజ్యం మొదలవుతుంది. అక్కడ బండి ఆపి సుంకం జవాన్లు పెట్టెలు తీయించి చూస్తారు. మన రూపాయిని వాళ్ళు కల్దారు అంటారు, వాళ్ళ రూపాయి వేరు. కొత్తగా వెళ్ళేవాళ్ళు బండి ఆగినప్పుడే కొంత మార్చుకుంటే మంచిది. నా పెట్టెలో రెండు చీరలూ, ఆవకాయ జాడీ, బైబిలు తప్ప ఏమీ లేవు. జవాను జాడీ మూత తీసి వాసన చూసి, నవ్వి, మూత పెట్టేశాడు.

నా ఎదురుగా ఖమ్మం వైపు ఆవిడ ఒకామె కూర్చుంది. కూతురి పురుడు పోసి ఇంటికి వెళుతోంది.

"యాడికి పోతున్నవమ్మా?" అని అడిగింది.

"హైదరాబాదండి. మా అమ్మ సమాధికి రాయి వేయించాలి."

"పెద్ద వయసేనా?"

"పెద్దదేనండి. డెబ్బై దాటి ఉంటాయి."

"ఉంటయి అంటవేంది? తల్లి వయసు తెల్వదా నీకు?"

మా అమ్మకే తెలియదని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి కిటికీ వైపు తిరిగింది. అప్పుడు గాని నాకు తట్టలేదు, తమ్ముడింటి పంచాయితీ ఇదే అయి ఉంటుందని.

డోర్నకల్‌లో టీ తాగాను. సికిందరాబాదు చేరేసరికి పొద్దు వాలింది. తమ్ముడు టాంగా పట్టుకుని స్టేషను బయట నిలబడ్డాడు. బస్సు దొరుకుతుంది గాని సామాను ఉన్నవాళ్ళకు టాంగాయే నయం. బేగంపేట మీదుగా పోతుంటే విమానాల మైదానం పక్కన గుర్రం బెదిరింది. పైన విమానం ఒకటి దిగుతోంది.

"దానికి ఇంకా అలవాటు కాలేదమ్మా," అన్నాడు టాంగావాలా. "నాకు సుత కాలే."

మా అమ్మ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆమె మిషను అనాథ బడిలో పెరిగింది. అక్కడే చదువుకుంది, అక్కడే బాప్తిస్మం పొందింది. ఆసుపత్రి కాంపౌండరుగా ఉన్న మా నాన్నను చేసుకుంది. ఆయన తొందరగా పోయాడు. తమ్ముడికి అప్పటికి నడక కూడా సరిగా రాదు. అమ్మ ఇంటింటికీ తిరిగి, ఘోషాలో ఉండే ఆడపిల్లలకు చదువు చెప్పి మమ్మల్నిద్దరినీ పెంచింది. ఆదివారం గుడి తప్పేది కాదు. తెల్లవారుజామున మోకాళ్ళ మీద ఉండి మా పేర్లు దేవుడికి చెప్పడం విని మేము లేచేవాళ్ళం.

ప్రార్థన తరువాత ఆమెకున్న రెండో వ్యసనం పాత కట్టడాలు. గోలకొండ, నవాబుల సమాధులు, పడిపోయిన సరాయిలు, పూడిపోయిన బావులు, ఏది కనబడినా ఆగిపోయేది. రాజుల సంగతి ఆమెకు పెద్దగా పట్టదు. "వంట ఎక్కడ చేసేవాళ్ళు? నీళ్ళు ఎవరు మోసేవాళ్ళు? ఆ మోసినామె ఇల్లు ఎక్కడ?" అని అడిగేది. కావలివాళ్ళు విసుక్కునేవారు. సమాధుల మీది రాతలు చదవడం కోసం ఉర్దూ, కొంత పారసీ నేర్చుకుంది. అవి నేర్పింది ఖైరున్నీసా ఖాలా. బదులుగా అమ్మ ఆమెకు తెలుగు నేర్పింది. నేను చదువు కోసం గుంటూరు వెళ్ళి, పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయాక, అమ్మ సెలవు రోజులన్నీ ఖాలాతోనే గడిచాయి. ఇద్దరూ జట్కాలో పరదా కట్టుకుని బయలుదేరేవారు. ఖాలా ఖీమా, అమ్మ జొన్నరొట్టెలు తెచ్చేవారు. ఏ గోరీ నీడనో కూర్చుని తినేవారు.

అమీర్‌పేటలో మా తమ్ముడి ఇల్లు ఒక జాగీర్దారు తోట వెనక సందులో ఉంది. జామ చెట్ల కొమ్మలు గోడ దాటి ఇటు వంగి ఉంటాయి. అప్పటికి అది ఊరు కాదు, నగరమూ కాదు. తూర్పున విమానాలు, పడమట సనత్‌నగర్ వైపు కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీల గోడలు, మధ్యలో తోటలు. భోజనం అయ్యాక తమ్ముడు విషయం ఎత్తాడు. వాడు రైల్వేలో గుమాస్తా. నాకన్నా బాగా చిన్న.

"ఏముందక్కా. అందరి రాళ్ళ మీద ఉన్నట్లే పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, వాక్యం ఒకటి. పుట్టిన సాలు మనకు తెల్వది. అందాజుగ ఒకటి ఏద్దాం అన్న. సంఘపెద్దలు సుత గదే అన్నరు. ఖాలాకు చెప్తె అగ్గి మీద గుగ్గిలమాయె. 'రాయి మీద జూట్, అబద్ధం రాస్తవా? మీ అమ్మ జిందగీ అంత రాళ్ళ మీది జూట్ బయటపెట్టుకుంట తిరిగింది' అన్నది. మా ఇంటి ముచ్చటల నీకెందుకు అన్న నేను. గంతే."

"అలా అన్నావా ఆమెను?"

"అన్న."

వాడు బయటికి వెళ్ళాక మా మరదలు కరుణమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"అసలు ముచ్చట వేరే ఉన్నది వదినా. మా పిల్ల ఎస్తేరుకు సికిందరాబాదు సంబంధం వచ్చింది. పిలగాడు మంచోడు. వాళ్ళ తాత ఒక్కడే పట్టు పట్టిండు, 'పిల్ల నాయనమ్మది ఏ ఊరు, ఎవరోళ్ళు' అని. ఇప్పుడు సాలు లేకుండ రాయి పెడ్తె అందరు అడుగరా? కరువుల దొరికిన పిల్ల అని తెలుస్తది. గుడిల అందరం ఒక్క బల్ల కాడనే రొట్టె విరుస్తం గాని, పెండ్లి కాడికి వస్తె ఎవరోళ్ళని అడుగకుండ ఉంటరా?"

నాకు అమ్మ గురించి తెలిసిందీ అంతే. ధాత నామ సంవత్సరంలో పెద్ద కరువు వచ్చిందని, ఆ కరువులో మిషనువాళ్ళు పిల్లల్ని చేరదీశారని, వాళ్ళలో అమ్మ ఒకతె అని. ఇంకేమైనా ఉందా అని మేమెప్పుడూ అడగలేదు. ఊరందరి పుట్టుపూర్వాలూ అడిగే మనిషిని ఆమె పుట్టుపూర్వాలు అడగాలని మాకు తోచలేదు.

మర్నాడు పొద్దున్నే ఖాలా ఇంటికి నడిచి వెళ్ళాను. రెండు సందుల అవతల. భర్త ఒక నవాబుగారి దేవిడీలో మున్షీగా పనిచేసి పోయాడు. పిల్లలు లేరు. చెల్లెలి కొడుకు కుటుంబం చూసుకుంటోంది. వాకిట్లో మంచం మీద ఎండకు కూర్చుని ఉంది. కళ్ళు బాగా తగ్గాయి. వెలుగూ నీడా తప్ప ఆట్టే కనిపించవు.

"ఎవరూ?"

"నేను ఖాలా, సుశీలను."

"రా బేటీ, రా." చేయి చాపి నా మోచేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నీ మాటంత గుంటూరు అయిపోయింది. బండ్లె జాగ దొరికిందా? తిన్నవా?"

టీ వచ్చింది. చక్కెర దొరకని రోజులు. ఉన్నదంతా నా కప్పులోనే వేయించిందని తాగాక తెలిసింది. నేను రాయి మాట ఎత్తలేదు. అసలు మీరిద్దరూ ఎలా కలిశారో చెప్పమన్నాను. మూసీ పొంగిన ఏడు అని తెలుసు, అప్పటికి నేను చిన్నపిల్లను, అంతకు మించి తెలియదు.

"మా ఇల్లు అఫ్జల్‌గంజ్ దిక్కు ఉండె," అంది ఖాలా. "నది తీస్కపోయింది. మా అత్తను సుత తీస్కపోయింది. మమ్ములందరిని ఒక పెద్ద వాకిట్ల కూసోబెట్టి బువ్వ పెడ్తున్నరు. మీ అమ్మ వడ్డిస్తుండె. వచ్చినోళ్ళందరు ఒక్కటే అడుగుతున్నరు, 'ఎవరు పోయిండ్రు, ఎంతమంది పోయిండ్రు' అని. నా నోరు పడిపోయింది, మాట వస్తలేదు. మీ అమ్మ వచ్చి పక్కన కూసున్నది. 'మీ ఇల్లు ఎట్లుండె? ఎవరు కట్టిండ్రు? వంటర్ర ఏ దిక్కుకుండె?' అని అడిగింది."

"ఆ సమయంలోనా?"

"ఆ టైంలనే. నేను అట్లనే చూసిన. ఈమెకు దిమాగ్ ఉన్నదా లేదా అనుకున్న. తర్వాత చెప్పుడు షురూ చేసిన. దర్వాజా నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క కమ్రా, ఒక్కొక్క తాక్... దీపం పెట్టే గూడు సుత ఇడిచిపెట్టలే. మా అత్త ఎక్కడ కూసుండేదో, ఆమె పాన్‌దాన్ ఎక్కడుండేదో. చెప్పేటాల్లకు పొద్దు గూకింది. అప్పుడు ఏడ్చిన. గా ఇల్లు ఎట్లుండెనో ఇయ్యాల నాకు తప్ప ఎవరికన్న తెలుసంటె రూతుకే తెలుసుండె. ఇగ అది సుత పోయింది."

ఆమె గొంతు మారలేదు. చెప్పి, చీర చెంగుతో ముక్కు తుడుచుకుని, రొట్టె తెమ్మని లోపలికి కేకేసింది.

నేను లేచేటప్పుడు రాయి సంగతి తనే తెచ్చింది. "దయానందాన్ని తోల్కరా సాయంత్రం. నేను పిలిచిన అని చెప్పు. రూతు నాకు చెప్పిన మాట ఒకటి ఉన్నది. మీ ఇద్దరికి కలిపి చెప్తా. రెండుసార్లు చెప్పేటంత సత్తువ లేదు నాకు."

మధ్యాహ్నం ఎస్తేరును వెంటబెట్టుకుని పంజాగుట్ట వెళ్ళాను. అమ్మ సమాధి అక్కడే. అమీర్‌పేట నుంచి జట్కాలో ఎంతోసేపు పట్టదు. రోడ్డుకు రెండు పక్కలా ఏనుగుల్లా నల్లరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. పడమట బంజారా కొండల మీద అక్కడొకటి ఇక్కడొకటి కొత్త బంగళాలు, మిగతాదంతా రాయీ రప్పా. ఎదురుగా ఎత్తు మీద ఎర్రమంజిల్ దేవిడీ కనిపిస్తుంది. దాన్ని చూడగానే ఎస్తేరు నవ్వింది.

"నానమ్మ నన్ను ఇక్కడికి తోల్కొచ్చినప్పుడల్లా అడుగుతుండె అత్తమ్మా, 'గది ఎర్రగ ఉన్నదా' అని. లేదు అంటే, 'మరి ఎర్రమంజిల్ ఎట్లయింది' అనేది. అసలు పేరు ఇరం మంజిల్ అంట, ఇరం అంటే పారసీ భాషల స్వర్గం తోట అంట. గుట్టకు ముందుగాల్నే ఎర్రగడ్డ అని పేరుండెనంట. రెండు కలిసినయి అని చెప్పేది. 'గిది మీ ఖాలా నానమ్మ చెప్పింది, నేను కనుక్కున్నది కాదు' అని సుత చెప్పేది."

అది అమ్మ పద్ధతి. ఎవరు చెప్పారో చెప్పకుండా ఏ కథా చెప్పేది కాదు. పంజా అంటే అరచేయి; పంజాగుట్ట పేరుకు కారణమైన ఆ చేతి గుర్తు గురించి అడిగిన ప్రతివాళ్ళూ ఒక్కో కథ చెప్పారట. అన్నీ చెప్పేది, ఏది నిజమో తనకు తెలియదనేది.

సమాధుల తోట చిన్నది. రాళ్ళ మధ్య కొంచెం చదును చేసి చుట్టూ ముళ్ళకంచె వేశారు. అమ్మ దగ్గర ఇంకా మట్టి దిబ్బే ఉంది. వానకు ఒక పక్క కుంగింది. ఎస్తేరు చేతులతోనే మట్టి సర్దింది. నేను పాట ఒకటి పాడాను, ఇద్దరం ప్రార్థన చేశాం. అమ్మ లేదన్న సంగతి నాకు అక్కడ కొత్తగా ఏమీ అనిపించలేదు. నెలల కిందటే ఏడ్చేశాను. చుట్టూ ఉన్న రాళ్ళ మీది పేర్లు చదువుతూ తిరిగాను. ప్రతి రాయి మీదా పుట్టిన సంవత్సరం ఉంది. వాటిలో ఎన్ని అందాజువో అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఎస్తేరును అడిగాను. "నీకు ఆ అబ్బాయి నచ్చాడా?"

"నచ్చిండు."

"వాళ్ళ తాత సంగతి?"

కాసేపు జట్కా పరదా అంచు మడిచింది. "నాన్న నా కోసమే భయపడ్తుండు అత్తమ్మా. నాకు తెలుసు. కాని నన్ను ఒక్కసారన్న అడగలే, నువ్వేమంటవు అని."

సాయంత్రం దయానందాన్ని తీసుకువెళ్ళడం అంత సులువు కాలేదు. పని ఉందన్నాడు, తలనొప్పి అన్నాడు. చివరికి కరుణమ్మ చెప్పులు తెచ్చి వాడి ముందు పెట్టింది. ఖాలా వాకిట్లోకి వెళ్ళి దూరంగా నిలబడ్డాడు.

"కూసో," అంది ఖాలా. "నిన్ను ఎత్తుకొని తిప్పిన చేతులివి. గుస్సా తర్వాత చేద్దువు."

కూర్చున్నాడు. ఖాలా చెప్పింది:

"రూతుకు చిన్నప్పటిది ఒక్కటే యాదికుండె. తొవ్వ. తెల్లటి దుమ్ము తొవ్వ. ముంగట ఒక ఆడామె నడుస్తున్నది. ఆమె కొంగు ఈమె చేతిల ఉన్నది. ఆ ఆడామె ముఖం యాదికి లేదు. కొంగు యాదికున్నది, నీలం కొంగు, అంచు చినిగి దారాలు ఏలాడుతున్నయి. ఎంత దూరం నడిచిండ్రో తెల్వదు. మస్తు మంది నడుస్తున్నరు. తర్వాత చేతిల కొంగు లేదు. అయినా తొవ్వ ఉన్నది, ఈమె నడుస్తనే ఉన్నది. తర్వాత గంజి పోసే జాగ. అంతే. అమ్మనో, అక్కనో, ఎవరో తెల్వది. ఏ ఊరో తెల్వది. పేరేందో సుత తెల్వది, రూతు అని మిషనోళ్ళు పెట్టిండ్రు."



"నేను అడిగిన," అంది ఖాలా. "'ఎవరన్న ఎత్తుకున్నరేమో, నీకు యాది లేదేమో' అని. 'లేదు, నడిచిన' అన్నది. ఎంత గట్టిగ అన్నదో! 'నేను నడుచుకుంటనే వచ్చిన ఖైరూ' అన్నది."

దయానందం తల వంచుకుని ఉన్నాడు. "మాకెందుకు చెప్పలే?" అన్నాడు. "నేను ఆమె కొడుకును కద ఖాలా. ఒక్కసారన్న..."

"అడిగిన అది సుత. 'పిల్లలకు చెప్తె జాలి పడ్తరు. జాలి పడ్డోళ్ళు ఇంక ఏమీ అడగరు. నువ్వయితే అడుగుతవు, అందుకే చెప్తున్న' అన్నది. పోయిన వానకాలం దాక అడుగుతనే ఉన్న నేను. దుమ్ము తెల్లగ ఉండెనా, ఎర్రగ ఉండెనా? పక్కన చెట్లుండెనా? గా తొవ్వ ఏ జిల్లాల ఉంటదో పట్టుకుందాం అని ఇద్దరం ఎంత ఎతికినమో. దొరకలే."

ఆమె దయానందం వైపు చేయి చాపింది. గాలిలో కొంచెం తడుముకుని వాడి భుజం పట్టుకుంది.

"పుట్టిన సాలు ఒకటి అందాజుగ పెట్టి నువ్వు రూతును మామూలు మనిషిని చేస్తున్నవు బేటా. నాకు గదే నచ్చలే. నీ ఇంటి ముచ్చటల నేను రాను. రాయి నీది, తల్లి నీది. ఏం రాస్తవో రాయి. మనసుల ఉన్నది చెప్పిన, అయిపాయె."

ఇంటికి వస్తూ వాడు నాకన్నా రెండడుగులు ముందు నడిచాడు. ఇంటి ముందుకు వచ్చాక ఆగాడు.

"అక్కా, దాచి పెండ్లి చేస్తె రేపు ఎవడో ఒకడు తవ్వి తీస్తడు. పిల్ల అత్తగారింట్ల తల దించుకోవాలె. రాయి మీదనే రాసి పెడ్తె ఇంక తవ్వేదేముంటది?"

"ముందు ఎస్తేరును అడుగు," అన్నాను.

అడిగాడు. నేను లోపల ఉన్నాను, వాళ్ళు వాకిట్లో ఉన్నారు. "గదే రాయించు నాన్నా," అన్న మాట మాత్రం వినిపించింది.

మర్నాడు పొద్దున అందరం ఎల్లయ్య దగ్గరికి వెళ్ళాం. అతను పంజాగుట్ట రాళ్ళ దగ్గరే పాక వేసుకుని చెక్కే పని చేస్తాడు. దయానందం చెప్పింది విని ఉలి పక్కన పెట్టాడు.

"పుట్టిన సాలు లేకుండ ఎట్ల సారూ? జాగ ఖాళీ ఉంటది కద."

"ఖాళీ ఉండదు. నేను చెప్తా, నువ్వు చెక్కు," అన్నాడు తమ్ముడు.

సంఘపెద్దలకు కూడా వాడే వెళ్ళి చెప్పి వచ్చాడు. ఒకాయన ఒప్పుకోలేదట, ఇద్దరు ఏమీ అనలేదట. చెక్కడం పూర్తయ్యేవరకు నేను ఊరు చూశాను. నేను చూసినవి అందరూ చూసేవే కనుక ఇక్కడ రాయను. చార్మినారు దగ్గర ఉస్మానియా బిస్కట్లు మంచివని, బస్సులో ఆడవాళ్ళకు వేరే చోటు ఉంటుందని మాత్రం చెబితే చాలు.

రాయి నిలబెట్టిన రోజు ఎండ పలచగా ఉంది. పాస్టరుగారు వాక్యం చదివారు. సికిందరాబాదు అబ్బాయి ఒక్కడే సైకిలు మీద వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు, వాళ్ళ తాత రాలేదు. ప్రార్థన అయ్యాక ఖాలా జట్కా వచ్చింది. దయానందం వెళ్ళి పరదా తీసి చేయి పట్టి దింపాడు. బురఖా అంచులు ముళ్ళకు తగులుతుంటే ఎస్తేరు పైకి పట్టుకుంది.

ఖాలా రాయి ముందు కూర్చుంది. ముందు అరచేతితో మొత్తం తడిమింది. తరువాత చూపుడు వేలు మొదటి వరసలో పెట్టింది.

"రూ... త... మ్మ." ఆగి, కింది వరసకు వచ్చింది. "పుట్టిన... ఊరు... తె... లి... య... దు." వేలు నెమ్మదిగా నడుస్తోంది. మేమంతా నిలబడే ఉన్నాం. "ధాత కరువులో... నడి... చి..." చివరి మాటకు వచ్చి, దాన్ని రెండుసార్లు తడిమింది. "ఎవరు చెక్కిండ్రు గిది?"

"నేనేనమ్మా," అన్నాడు ఎల్లయ్య.

"'వచ్చింది'ల చ కింద వత్తు జర పల్చగ ఉన్నది. గట్టిగ కొట్టు. వత్తుల కాడ రూతు నన్ను ఎంత సతాయించిందో నీకు తెల్వది."

ఎల్లయ్య నవ్వి ఉలి తెచ్చాడు. ఆమె లేవలేదు. అతను కొడుతున్నంతసేపూ రాయి మీద చేయి వేసుకుని కూర్చుంది. దుమ్ము ఆమె బురఖా మీద పడుతోంది. కొట్టడం అయ్యాక మళ్ళీ తడిమి చూసి, "ఇప్పుడు సరిపాయె," అని లేచింది. జట్కా ఎక్కేముందు నా తల మీద చేయి పెట్టింది.

"మళ్ళ వస్తవా?"

"ఎండాకాలం సెలవులకి వస్తాను ఖాలా."

"రా. నేనుంటె చాయ తాగుదం. లేకుంటె నువ్వు, దయానందం తాగుండ్రి."

మర్నాడు పొద్దుటి బండికే బయలుదేరాను. సంబంధం మాట అప్పటికి తేలలేదు. అబ్బాయి మాత్రం ముందురోజు సాయంత్రం కూడా సైకిలు మీద వచ్చి దయానందంతో చాలాసేపు మాట్లాడి వెళ్ళాడు. కరుణమ్మ దారికి చపాతీలు కట్టి ఇచ్చింది. తమ్ముడు సికిందరాబాదు దాకా వచ్చి, చోటు పట్టి, బండి కదిలేవరకు కిటికీ దగ్గరే ఉన్నాడు.

బండిలో రద్దీ తక్కువ. చాలాసేపు ఊరికే కూర్చున్నాను. కన్నపిల్లలకు చెప్పని మాట అమ్మ ఒక స్నేహితురాలికి చెప్పిందన్నది మొదట నాకు కష్టంగానే ఉంది. ఆ వాకిట్లో దయానందం అడిగిన ప్రశ్న నాది కూడా. నలభై ఏళ్ళకు పైగా ఆమె కూతురిగా ఉండి, ఆమె గురించి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకరి వాకిట్లో వినవలసి వచ్చింది.

కాజీపేట దాటాక ఆలోచన కొంచెం మారింది. మా చిన్నతనంలో మాకు ఆకలంటే తెలియదు. ఇంట్లో ఉన్నది తక్కువే అయినా తెలియదు. మమ్మల్ని చేయి పట్టుకుని రోడ్డు దాటించేటప్పుడు అమ్మ పిడికిలి ఎంత బిగువుగా ఉండేదో గుర్తుంది గాని, ఎందుకో తెలియదు. ఆ తొవ్వను ఆమె మా ఇంట్లోకి రానివ్వలేదు. దాన్ని దించుకోవడానికి ఆమెకు ఇంకో ఇల్లు కావలసి వచ్చింది. నది ఇల్లు తీసుకుపోయిన ఒక మనిషి దగ్గర అది దొరికింది. ముప్పై అయిదేళ్ళకు పైగా ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు తమకు లేనిది దాచుకున్నారు.

బెజవాడలో దిగేసరికి చీకటి పడుతోంది. గుంటూరు బండికి ఇంకా సమయం ఉందన్నారు. ప్లాట్‌ఫారం మీద పెట్టె వేసుకుని కూర్చుని, ఎండాకాలం సెలవులు ఎప్పుడిస్తారో లెక్క చూసుకున్నాను. ఖాలాను అడగవలసినవి చాలా ఉన్నాయి.